రేపటి ఫలం, ఇవాళ్టి హుషారు

అమెరికాలో ‘24 అవర్ ఫిట్‌నెస్’ అని పెద్ద జిమ్‌ల సంస్థ ఒకటి ఉంది. అందులోని 61,293 మంది సభ్యుల మీద జరిగిన ఓ ప్రయోగం ఫలితాలు 2021 డిసెంబరులో ‘నేచర్’ పత్రికలో అచ్చయ్యాయి. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి చెందిన కేథరిన్ మిల్క్‌మన్, ఏంజెలా డక్‌వర్త్ ముందుండి నడిపించగా, 15 విశ్వవిద్యాలయాల శాస్త్రవేత్తలు 30 మంది కలిసి మనుషుల్ని జిమ్‌కు రప్పించే ఉపాయాలు పన్నారు. మొత్తం 54 పద్ధతులు. వచ్చినందుకు చిల్లర బహుమతులు, సమయానికి గుర్తుచేసే సందేశాలు, ఇలా రకరకాలు. ప్రతి పద్ధతికీ గడువు నాలుగు వారాలు.

ఆ నాలుగు వారాలూ చాలా ఉపాయాలు పారాయి. దాదాపు సగం పద్ధతులు, అంటే 45 శాతం, సభ్యులు వారానికి జిమ్‌కు వచ్చే సంఖ్యను 9 నుంచి 27 శాతం దాకా పెంచాయి. ఒక రోజు ఎగ్గొట్టినవాళ్ళు మళ్ళీ వస్తే కొద్ది సెంట్ల విలువ చేసే పాయింట్లు అదనంగా ఇవ్వడం అన్నిటికంటే బాగా పనిచేసింది. తర్వాత గడువు తీరింది. ఆపైన కూడా కొలవదగ్గ ప్రభావం మిగిల్చినవి 8 శాతం పద్ధతులే.

మనిషిని వ్యాయామం దగ్గరికి తీసుకురావడం ఒక పని. అక్కడ ఏళ్ళ తరబడి నిలపడం వేరే పని. మొదటిదానికి బహుమతి, భయం, డాక్టరు హెచ్చరిక, దగ్గరపడుతున్న పెళ్ళి ముహూర్తం, ఏదైనా చాలు. రెండోదానికి ఏం కావాలన్నది మనస్తత్వ శాస్త్రవేత్తలు, శరీర ధర్మ శాస్త్రవేత్తలు యాభై ఏళ్ళుగా వెతుకుతున్నారు. వేర్వేరు దారుల్లో బయల్దేరినవాళ్ళు చివరికి ఇంచుమించు ఒకచోటికే చేరారు: ఆ పని చేస్తున్నంతసేపూ మనిషికి హాయిగా ఉండాలి.

ఒంటి లెక్క వేరు

పెద్దవాళ్ళు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వేగంతోనో, 75 నిమిషాలు గట్టిగానో ఒళ్ళు కదిలించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆపాటి కదలిక కూడా లేనివాళ్ళు ప్రపంచవ్యాప్తంగా 31 శాతం ఉన్నారని 2022 సంవత్సరపు లెక్క. ఇది 2024లో ‘లాన్సెట్ గ్లోబల్ హెల్త్’ పత్రికలో వచ్చింది. అదే అధ్యయనం ప్రకారం మన దేశంలో వీళ్ళు దాదాపు సగం మంది. మగవాళ్ళలో 42 శాతం, ఆడవాళ్ళలో 57 శాతం.

ఇంతమందినీ సోమరులని తిట్టి ఊరుకుంటే కుదరదు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో మానవ పరిణామాన్ని పరిశోధించే డేనియల్ లీబర్‌మన్ వాదన ఇక్కడ వినదగ్గది. లక్షల ఏళ్ళ పాటు తిండి దొరకడమే కష్టంగా బతికిన జీవి మనిషి. అనవసరంగా పరుగెత్తి శక్తి ఖర్చుచేసే శరీరం ఆ రోజుల్లో నిలిచేది కాదు. అందుకే అవసరమైతేనో, సరదాగా ఉంటేనో కదలడం, లేకపోతే విశ్రాంతి తీసుకోవడం మన ఒంటికి సహజంగా అబ్బింది. టాంజానియాలో నేటికీ వేట మీదా, దుంపలూ తేనె సేకరణ మీదా బతికే హడ్జా ప్రజలను గమనిస్తే ఇది తెలుస్తుంది. వాళ్ళు రోజుకు రెండు గంటలకు పైగా చెమటపట్టేలా పనిచేస్తారు. మెలకువగా ఉన్న సమయంలో పది గంటల దాకా విశ్రాంతిగానే ఉంటారు. కాలక్షేపానికి జాగింగ్ చేసే హడ్జా మనిషి కనిపించడు. పని ఉంటే నడుస్తారు. పండగైతే ఆడతారు.

మన బతుకుల్లోంచి ఆ అవసరం చాలావరకు పోయింది. నీళ్ళు కుళాయిలో వస్తాయి, బజారు ఫోన్లోకి వచ్చింది, మూడో అంతస్తుకు లిఫ్టు ఉంది. ఇక మిగిలింది సరదా ఒక్కటే. అయినా వ్యాయామం గురించి మనకు అందే సలహాల్లో ఎక్కువ భాగం దాని ఊసెత్తవు. గుండెజబ్బు రాదు, షుగరు అదుపులో ఉంటుంది, నడుము సన్నబడుతుంది అని చెబుతాయి. అవన్నీ నిజాలే. కానీ ఆ ఫలాలు పదేళ్ళకో ఇరవై ఏళ్ళకో అందుతాయి, ఆయాసం మాత్రం ఇప్పుడే మొదలవుతుంది. తెల్లవారుజామున అలారం మోగినప్పుడు దుప్పటి వెచ్చదనంతో పోటీపడి గెలిచే బలం ఇరవై ఏళ్ళ తర్వాతి గుండెకు ఉండదు.

డాలరు చేతికొచ్చాక

1969లో ఎడ్వర్డ్ డెసీ అనే పరిశోధక విద్యార్థి కాలేజీ విద్యార్థులకు సోమా అనే ముక్కల పజిల్ ఇచ్చాడు. ముక్కలను పేర్చి రకరకాల ఆకారాలు తయారుచేయాలి. ఒకసారి మొదలుపెడితే వదలబుద్ధికాని ఆట అది. వాళ్ళను రెండు జట్లు చేశాడు. ఒక జట్టుకు రెండోరోజు మాత్రం పూర్తిచేసిన ప్రతి ఆకారానికీ ఒక డాలరు చొప్పున ఇచ్చాడు. రెండో జట్టుకు ఏ రోజూ ఏమీ ఇవ్వలేదు. రోజూ మధ్యలో ఏదో పనున్నట్టు ఎనిమిది నిమిషాలు గది బయటికి వెళ్ళి, వాళ్ళేం చేస్తున్నారో చాటుగా చూశాడు. బల్ల మీద పత్రికలు కూడా ఉన్నాయి. కావాలంటే చదువుకోవచ్చు.

డబ్బు ఆగిపోయిన మూడోరోజు, డాలర్లు అందుకున్న జట్టు ఆ ఖాళీ సమయంలో పజిల్ జోలికి వెళ్ళడం తగ్గించింది. అంతకుముందు ఊరికే ఆడుకున్న ఆటే వాళ్ళకు కూలిపనిగా మారిపోయింది. ఈ ఫలితాలు 1971లో వెలువడ్డాయి. తర్వాత డెసీ, రిచర్డ్ రయాన్ కలిసి వీటి మీద ఒక సిద్ధాంతాన్నే నిర్మించారు. దాని ప్రకారం ఏ పనైనా లోపలినుంచి పుట్టిన ఇష్టంతో సాగాలంటే మూడు కావాలి. అది తానుగా ఎంచుకున్నదై ఉండాలి. చేసేకొద్దీ చేయి తిరుగుతున్నట్టు తెలియాలి. తోటివాళ్ళతో అనుబంధం ఉండాలి.

ఈ మూడింటినీ వ్యాయామానికి అన్వయించి చూసిన అధ్యయనం ఒకటి 1997లో వచ్చింది. రయాన్ బృందం ఏరోబిక్స్ తరగతుల్లో చేరినవాళ్ళనూ, తైక్వాండో నేర్చుకోవడానికి చేరినవాళ్ళనూ పోల్చింది. ఏరోబిక్స్‌కు వచ్చినవాళ్ళలో ఒళ్ళు తగ్గాలి, అందంగా కనిపించాలి అనే కోరిక ఎక్కువ. తైక్వాండోకు వచ్చినవాళ్ళను ఆ విద్య మీది ఇష్టం, నేర్చుకోవాలనే తపన తీసుకొచ్చాయి. మానకుండా కొనసాగినవాళ్ళు తైక్వాండోలోనే ఎక్కువ. ఏ తరగతిలో చూసినా, ఆనందం కోసమో నైపుణ్యం కోసమో చేరినవాళ్ళ హాజరే మెరుగ్గా ఉంది. ఒంటి తీరు మార్చుకోవాలనే కోరికకూ హాజరుకూ సంబంధం కనిపించలేదు.

ఊపిరి మారే హద్దు

సరదా అంటే మనసుకు సంబంధించిన ముచ్చటే అనుకుంటాం. దానికి ఊపిరితిత్తుల్లో, నెత్తుట్లో కూడా లెక్కలున్నాయని చూపించినవాడు పాంటెలీమోన్ ఎక్కెకాకిస్. గ్రీసులో పుట్టి అమెరికాలో పనిచేస్తున్న ఈ శాస్త్రవేత్త, వ్యాయామం ముగిశాక ఎలా ఉందని అడగడంతో సరిపెట్టుకోలేదు. చేస్తుండగానే నిమిష నిమిషానికీ ఎలా ఉందో అడుగుతూ వచ్చాడు.

నెమ్మదిగా నడుస్తున్నప్పుడు కండరాలకు కావలసిన శక్తి చాలావరకు ఆక్సిజన్ సాయంతోనే అందుతుంది. వేగం పెంచితే ఒక దశలో లాక్టేట్, దానితోపాటు ఆమ్లత పోగుపడతాయి. రక్తంలోని బైకార్బనేట్ ఆ ఆమ్లాన్ని విరిచేటప్పుడు కార్బన్ డయాక్సైడ్ అదనంగా పుడుతుంది. దాన్ని బయటికి పంపడానికి ఊపిరి ఒక్కసారిగా జోరందుకుంటుంది. శాస్త్రవేత్తలు దీన్ని వెంటిలేటరీ థ్రెషోల్డ్ అంటారు. ఆ హద్దుకు ఇవతల ఉన్నంతసేపు ఎక్కువమందికి హాయిగానే ఉంటుంది. హద్దు దాటి ముందుకు పోయేకొద్దీ దాదాపు అందరికీ ఆ హాయి తరిగిపోతుంది. దీన్ని గుర్తుపట్టడానికి పరికరాలేమీ అక్కర్లేదు. పక్కవాళ్ళతో పూర్తి వాక్యాల్లో మాట్లాడగలిగితే ఇవతల ఉన్నట్టు. మాట తెగి ముక్కలుముక్కలుగా వస్తుంటే అవతలికి వెళ్ళినట్టు.

ఏళ్ళుగా కూర్చునే పనిలో ఉన్నవాళ్ళకు ఈ హద్దు చాలా దగ్గర. గబగబా నాలుగడుగులు వేస్తేనే వచ్చేస్తుంది. వాళ్ళను మొదటిరోజే ట్రెడ్‌మిల్ ఎక్కించి పరుగెత్తించే శిక్షకుడు, తెలియకుండానే వాళ్ళకు వ్యాయామం మీద విముఖత నేర్పుతున్నాడు. 2008లో అచ్చయిన ఓ ప్రయోగంలో ఎక్కెకాకిస్ బృందం వ్యాయామం అలవాటు లేని మధ్యవయసు మహిళలను పరీక్షించింది. మొదట తమకు నచ్చిన వేగంతో నడవమంది. వాళ్ళ హుషారు చివరిదాకా తగ్గలేదు. మరోరోజు వాళ్ళు ఎంచుకున్న దానికంటే పది శాతం, అంతే, వేగం పెంచి నడిపించింది. నిమిషాలు గడిచేకొద్దీ హుషారు దిగజారుతూ పోయింది.

అమెరికాలో డేవిడ్ విలియమ్స్ అనే పరిశోధకుడు చేసిన మరో అధ్యయనం దీనికి కొనసాగింపు లాంటిది. వ్యాయామం చేసేటప్పుడు ఎలా ఉందో మైనస్ 5 నుంచి ప్లస్ 5 దాకా ఉన్న కొలమానం మీద చెప్పమన్నారు. మొదట్లో ఒక మెట్టు ఎక్కువ హాయి చెప్పినవాళ్ళు, ఆరు నెలల తర్వాతా ఏడాది తర్వాతా కూడా వారానికి సుమారు 40 నిమిషాలు ఎక్కువగా వ్యాయామం చేస్తున్నారు.

ఇంకో చిక్కుంది. చెప్పులేసుకుని గడప దాటకముందు మనం వేసుకునే అంచనా తరచూ తప్పుతుంది. బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం నుంచి 2011లో వెలువడిన పరిశోధనలో, వ్యాయామం ఎంత బాగుంటుందో ముందే ఊహించమంటే జనం తక్కువగా చెప్పారు. చేసి వచ్చాక అడిగితే అంతకంటే బాగుందన్నారు. బద్ధకంగా గడిచే మొదటి నిమిషాల మీదే మనసు పెట్టుకోవడం ఈ పొరపాటుకు కారణమని తేలింది. ముగింపు సంగతి 2016లో తేలింది. పదిహేను నిమిషాలు సైకిల్ తొక్కే పనిలో కొందరికి భారం పెంచుకుంటూ పోయారు, కొందరికి మొదట ఎక్కువ పెట్టి తగ్గిస్తూ వచ్చారు. మొత్తం శ్రమలో తేడా లేకపోయినా, తగ్గిస్తూ వచ్చినవాళ్ళకే ఆ సైకిల్ సవారీ తీపిగా గుర్తుండిపోయింది. చివరి పది నిమిషాలు నింపాదిగా నడిచి ఇల్లు చేరేవాళ్ళకు మర్నాడు మళ్ళీ బయల్దేరడం ఎందుకు తేలికో దీన్నిబట్టి అర్థమవుతుంది.

నలుగురితో కలిసి

ఆక్స్‌ఫర్డ్‌లో పడవ పందేలకు సాధన చేసే కుర్రాళ్ళను ఎమ్మా కోహెన్, రాబిన్ డన్‌బార్ బృందం పరీక్షించింది. వాళ్ళు తెడ్లు వేసే యంత్రాల మీద ఓసారి ఒంటరిగా, ఓసారి జట్టుగా ఒకే లయలో సాధన చేశారు. శ్రమ రెండుసార్లూ ఒకటే. ముగిశాక ఎంత నొప్పిని ఓర్చుకోగలరో చూస్తే, జట్టుగా చేసినప్పుడు ఆ ఓర్పు చాలా పెరిగింది. మెదడులో నొప్పిని తగ్గించే ఎండార్ఫిన్లు ఎక్కువగా విడుదలైనందుకు దీన్ని సూచనగా వాళ్ళు తీసుకున్నారు. లయ కలవడానికి ఒంటి మీద అంత పట్టు ఉంది. లండన్ బ్రూనెల్ విశ్వవిద్యాలయంలో కోస్టాస్ కరాజియోర్గిస్ దశాబ్దాలుగా చేసిన పరిశోధనలూ ఇందుకు దగ్గరివే. ఓ మోస్తరు శ్రమలో ఉన్నప్పుడు తగిన సంగీతం వింటే అలసట పది శాతం దాకా తక్కువగా తెలుస్తుంది.

లయ, జట్టు, నైపుణ్యం మూడూ కలిసిన వ్యాయామం తెలుగువాళ్ళ ఊళ్ళలో తరతరాలుగా ఉంది. కోలాటంలో రెండు చేతులా కోలలు పట్టి, పాటకు తగ్గట్టు అడుగువేస్తూ, ఒంగి లేస్తూ, తిరుగుతూ, ఎదురొచ్చినవాళ్ళ కోలను తాకించాలి. ఒక కోపు, అంటే ఒక ఆట తీరు, పట్టుబడ్డాక గురువు ఇంకో కోపు నేర్పుతాడు. జడకోలాటంలో పైనుంచి వేలాడే తాళ్ళను ఆటలోనే జడలా అల్లి, మళ్ళీ అదే వరసలో విప్పాలి. ఒకరు అడుగు తప్పితే వరసంతా తప్పుతుంది కాబట్టి రానివాళ్ళ కోసం ఇంటికి కబురు వెళ్తుంది. డెసీ, రయాన్ చెప్పిన మూడు అవసరాల్లో ఏదీ ఇందులో కొరతపడదు. తెలంగాణలో బతుకమ్మ తొమ్మిది రోజులూ వలయంగా తిరుగుతూ, వంగి చప్పట్లు కొడుతూ గంటల తరబడి ఆడే ఆడవాళ్ళు దాన్ని వ్యాయామంగా ఎన్నడూ లెక్కవేసుకోరు.

నృత్యానికి మరో మేలు కూడా ఉండవచ్చు. న్యూయార్క్ బ్రాంక్స్ ప్రాంతంలో 75 ఏళ్ళు దాటిన 469 మందిని ఏళ్ళ తరబడి గమనించి జో వెర్గీస్ బృందం 2003లో ప్రచురించిన అధ్యయనంలో, శారీరక వ్యాపకాల్లో డిమెన్షియా ముప్పు తగ్గడంతో ముడిపడి కనిపించింది నృత్యం ఒక్కటే. అడుగులు గుర్తుపెట్టుకోవడం, పాట వినడం, పక్కవాళ్ళతో కలవడం అన్నీ ఒకేసారి చేయాల్సి రావడం ఇందుకు కారణం కావచ్చు.

ఆటల విషయానికి వస్తే, డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగన్‌లో 8,577 మంది ఆరోగ్యాన్ని పాతికేళ్ళ దాకా వెంబడించిన అధ్యయనం 2018లో వచ్చింది. కదలకుండా ఉండేవాళ్ళతో పోలిస్తే టెన్నిస్ ఆడేవాళ్ళు సగటున 9.7 ఏళ్ళు ఎక్కువ బతికారు. బ్యాడ్మింటన్ ఆడేవాళ్ళకు 6.2 ఏళ్ళు, ఫుట్‌బాల్‌కు 4.7, సైకిల్‌కు 3.7, ఈతకు 3.4, జాగింగ్‌కు 3.2. జిమ్ వ్యాయామాలకు 1.5 ఏళ్ళు. ఈ అంకెలను జాగ్రత్తగా చదవాలి. టెన్నిస్ ఆడేవాళ్ళు సాధారణంగా కలిగినవాళ్ళు. పరిశోధకులు చదువు, ఆదాయం వంటివాటిని లెక్కలోకి తీసుకున్నా, ఆటే ఆయుష్షు పెంచిందని ఇలాంటి అధ్యయనం రుజువు చేయలేదు. అయితే జాబితాలో పైనున్న మూడూ ఆడాలంటే ఎదుట ఇంకొకరుండాలి.

బ్యాడ్మింటన్ పేరు వినగానే హైదరాబాదు గుర్తుకురావడం సహజం. 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచిన పుల్లెల గోపీచంద్, ఆయన అకాడమీలో ఎదిగి 2016 రియో ఒలింపిక్స్‌లో రజతం, టోక్యోలో కాంస్యం తెచ్చిన పి.వి. సింధు ఈ ఆటను తెలుగు ఇళ్ళ ముచ్చట చేశారు. పతకాల సంగతి అటుంచితే, వీధి చివర రెండు గుంజలకు నెట్ కట్టి చీకటిపడేదాకా షటిల్ ఆడేవాళ్ళకు దక్కే లాభం కూడా చిన్నది కాదు. సాయంత్రం ఆరింటికి అవతలివైపు ముగ్గురు ఎదురుచూస్తుంటారు. నిన్న ఓడిన గేమ్ బాకీ ఉంటుంది.

పైన చల్లిన సరదా

ఇష్టంలేని పనికి ఇష్టమైనదాన్ని జతచేస్తే సరిపోతుంది కదా అనిపించవచ్చు. మిల్క్‌మన్ బృందం దీన్నే పరీక్షించి 2014లో ఫలితాలు ప్రచురించింది. ఉత్కంఠ రేపే నవలల ఆడియోలు జిమ్‌లో మాత్రమే వినేలా ఏర్పాటుచేస్తే, ఆ జట్టు మొదట్లో మిగతావాళ్ళకంటే 51 శాతం ఎక్కువగా జిమ్‌కు వచ్చింది. వారాలు గడిచేకొద్దీ ప్రభావం పలచబడింది. అక్కడి థాంక్స్‌గివింగ్ పండగ సెలవుల తర్వాత మరీ తగ్గిపోయింది. 2016లో ప్రపంచాన్ని ఊపేసిన పోకెమాన్ గో ఫోన్ ఆట కథా అదే. ఆడినవాళ్ళు మొదటి వారం రోజుకు సగటున 955 అడుగులు ఎక్కువ నడిచారు. ఆరో వారానికి ఎప్పటి నడకకే వచ్చారు.

ఈ ఉపాయాలు దండగని కాదు, మొదటి నెల దాటించడానికి అవి మంచి ఊతకర్రలు. నవల పూర్తవుతుంది, ఫోన్ ఆట పాతబడుతుంది. ఆలోగా నడకలోనే ఏదో ఒక రుచి దొరకాలి: చెరువుగట్టు గాలో, నేస్తంతో కబుర్లో, నిన్నటికంటే తేలిగ్గా ఎక్కిన గుట్టో.

ఆ రుచి వెతుక్కోవడానికి ఈ పరిశోధనలన్నీ కలిసి చూపే దారి సులువైనదే. ఏ వ్యాయామం ఎన్ని క్యాలరీలు కరిగిస్తుందన్న పట్టికను కాసేపు పక్కన పెట్టాలి. చిన్నప్పుడు వేళ మరిచి ఆడినవి ఏమిటో గుర్తుచేసుకోవాలి. వాలీబాలో, ఈతో, తాడాటో, సైకిలో కావచ్చు. మాట తెగని వేగంతో మొదలుపెట్టి, బలం వచ్చేకొద్దీ పెంచుకోవాలి. ఒకదాన్ని కొన్ని వారాలు చేసి చూడాలి, మొదటి పది నిమిషాల బద్ధకాన్నిబట్టి తీర్పు ఇవ్వకూడదు. అప్పటికీ మనసు ఎదురుచూడకపోతే తప్పుచేసినట్టు బాధపడక ఇంకోదానికి మారాలి. అలవాటు గట్టిపడటానికి పట్టే కాలం మనిషికీ మనిషికీ చాలా తేడా. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ చేసిన అధ్యయనం అంచనాల్లో అది 18 రోజుల నుంచి 254 రోజుల దాకా ఉంది. 21 రోజుల్లో అయిపోతుందన్న ప్రచారాన్ని నమ్మి, ఇరవై రెండోరోజు నిరాశపడనక్కర్లేదు.

చోటు ఎక్కడ?

ఇవన్నీ చెప్పాక కూడా ఒక ప్రశ్న మిగులుతుంది. మన దేశపు ఆడవాళ్ళలో చాలినంత కదలిక లేని ఆ 57 శాతానికి సరదా తెలియక కాదు. తెల్లవారితే వంట, పిల్లల బడి, ఉద్యోగం, మళ్ళీ వంట. చీకటిపడ్డాక ఒంటరిగా నడవడానికి భయం. ఆడుకునే చోటు మగపిల్లలకైనా దొరుకుతుందేమో, నలభై ఏళ్ళ ఆడమనిషి మైదానంలో దిగితే వింతగా చూసే కళ్ళు ఎక్కువ. ఇష్టం ఉంటే చాలు అని ఆమెకు చెప్పడం అన్యాయం.

కొలంబియా రాజధాని బొగోటా ఈ ప్రశ్నకు నగరపాలన నుంచి జవాబిచ్చింది. 1974లో మొదలైన సిక్లోవియా కింద ప్రతి ఆదివారం, సెలవురోజుల్లోనూ ఉదయం ఏడు నుంచి మధ్యాహ్నం రెండు దాకా 120 కిలోమీటర్లకు పైగా రోడ్లను మోటారు వాహనాలకు మూసేసి, నడిచేవాళ్ళకూ సైకిళ్ళకూ స్కేటింగ్ పిల్లలకూ వదిలేస్తారు. 1995 నుంచి పార్కుల్లో ఉచితంగా నృత్య వ్యాయామ తరగతులు నడుపుతున్నారు. వాటికి రెక్రెయోవియా అని పేరు. జీతమిచ్చి శిక్షకులను పెట్టారు, పాట పెద్దగా పెడతారు, రుసుము లేదు. అక్కడికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే.

బ్రిటన్‌లో పార్క్‌రన్ కూడా ఇలాగే ఖర్చులేని ఏర్పాటు. 2004 అక్టోబరు 2న లండన్ బుషీ పార్కులో పాల్ సింటన్-హ్యూయిట్ ఆధ్వర్యంలో 13 మంది ఐదు కిలోమీటర్లు పరుగెత్తడంతో మొదలై, ఇరవైకి పైగా దేశాలకు పాకింది. శనివారం శనివారం స్వచ్ఛంద కార్యకర్తలే నడుపుతారు. పరుగెత్తలేనివాళ్ళు నడవొచ్చు. చివరివాళ్ళు ఒంటరిగా మిగలకుండా వెనకే ఒక కార్యకర్త నడుస్తారు.

మన ఊళ్ళలో సాయంత్రం ఖాళీగా తాళం వేసి ఉండే బడి మైదానాలకు, కల్యాణమంటపాల ఆవరణలకు ఇలాంటి ఆలోచన సరిగ్గా సరిపోతుంది. ఒక కోలాటం గురువుకు నెలకు కొంత గౌరవవేతనం, రెండు దీపాలు, గేటు తాళంచెవి ఎవరి దగ్గరుంటుందో తెలిపే ఒక బోర్డు. ఏ పంచాయతీ అయినా, ఏ మునిసిపల్ వార్డు అయినా ఈ మాత్రం చేయగలదు. వచ్చే వార్డు సమావేశంలో ఆడవాళ్ళు పదిమంది కలిసి లేచి అడగదగ్గ కోరిక ఇది.